జియెన్ గారి డిస్కుల పరామర్శ

తాను కళ్లారా చూడనిది ఏదైనా సరే, జియెన్ డెంగ్‌వాంగ్ గారు నమ్మరు. ఇది ఆయనకు ఉన్న ఒక అలవాటని చెప్పడం సరికాదు. ఆ అలవాటుకే కాళ్లూ చేతులూ మొలిచి, మందపాటి కళ్లద్దాలు పెట్టుకుని, జియెన్ గారనే పేరుతో చాంగ్‌హువా తీరాన ఉన్న ఆ చిన్న ఆసుపత్రిలో ముప్పై నాలుగేళ్లుగా ఉద్యోగం చేస్తున్నదని చెప్పడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. ఎవరు ఏమి చెప్పినా ఆయన అడిగే ప్రశ్న ఒక్కటే: "చూశావా, చెప్పారా?"

క్యాంటీన్ నడిపే ఆ-హుయ్ ఒకనాడు పాలచేప తాజాగా వచ్చిందని చెప్పింది. చూశావా, చెప్పారా అన్నారు జియెన్ గారు.

"ఏం చూడాలి బాబాయ్?"

"చేప పడవ దిగడం."

"తెల్లారుజామున నాలుగింటికి లేచి చేపతో పాటు నేనూ పడవ దిగాలా? వంట ఎవరు చేస్తారు, చేపా?"

జియెన్ గారు ఆ మాటలోని న్యాయాన్ని అంగీకరించి, పంది మాంసపు పులుసు పోసిన అన్నం మాత్రమే తిని వెళ్లారు. మరునాటి నుండి ఆ-హుయ్ చేప తలను విడిగా ఒక పళ్లెంలో పెట్టి, కంటి నిగనిగ ఆయన పరీక్షించిన తరువాతనే వడ్డించసాగింది. ఆ తల మీద ఆమోదముద్ర కూడా వేయించుకోవాలని వెనుక వరుసలోని నర్సులు సలహా ఇచ్చేవారు.

మందుల గిడ్డంగి గుమాస్తాకు మనుమడు పుట్టినప్పుడు కూడా ఇదే జరిగింది. ఆ గుమాస్తా మిఠాయిపెట్టెతో వచ్చి శుభవార్త చెబితే, జియెన్ గారు పెట్టె అందుకోకుండానే తమ ప్రశ్న తాము వేశారు. గుమాస్తా ముఖం మాడ్చుకుని, ఆయన చేయి పట్టుకుని మూడవ అంతస్తుకు లాక్కుపోయాడు. జియెన్ గారు అద్దం వెనుకనున్న పసివాడిని రెండు నిమిషాలు పరిశీలించి, కాలివేళ్లు లెక్కపెట్టి, "సరిగ్గానే వచ్చాడు" అని ధ్రువీకరించారు. అటు తరువాతనే మిఠాయి తిన్నారు.

ఇటువంటి వ్యక్తిని ఏ శాఖలో నియమించినా ఇబ్బందే. ఆసుపత్రి యాజమాన్యం ఆయనను యంత్రాల శాఖలో నియమించింది.

నేలమాళిగ రెండవ అంతస్తులో, శవాగారానికి అవతలి పక్కన, సర్వర్ల గది ఉన్నది. ఆ గదిని ఇప్పుడు చూసుకుంటున్నది షీ పెయ్‌రోంగ్ అనే ముప్పై ఒక్కేళ్ల యువతి. అంతకుముందు ఆ కుర్చీ జియెన్ గారిదే. పదోన్నతి వచ్చి ఆయన పై అంతస్తుకు మారి మూడేళ్లయినది. మారినా, ఉదయం తొమ్మిది పదికి ఒకసారి, సాయంత్రం నాలుగు నలభైకి ఒకసారి, చేతిలో ఎర్రని ప్లాస్టిక్ స్టూలుతో ఆయన మెట్లు దిగి వచ్చేవారు. లిఫ్టు ఎక్కేవారు కారు. లిఫ్టు లోపల అంకె మారుతుందే గాని అంతస్తు మారుతున్నట్లు కనబడదన్నది ఆయన అభ్యంతరం.

వచ్చి, ఒక్కొక్క సర్వరు ఎదుట స్టూలు వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, జబ్బు మనిషిని చూడబోయిన బంధువు వలె కూర్చునేవారు. డిస్కుల దీపాల వంక చూస్తూ, "ఎలా ఉంది ఒంట్లో?" అని అడిగేవారు. యంత్రాలు బుద్ధిగా నడవాలని ప్రతి సర్వరు నెత్తినా ఆకుపచ్చ చిరుతిండి పొట్లం పెట్టడం ఆ దేశంలో ఎక్కడైనా ఉన్నదే. జియెన్ గారు ఆ పొట్లాల మీది తేదీలు కూడా చూసి, గడువు దాటబోయేదానిని మార్చించేవారు. పాచిపోయిన తిండి పెట్టి మంచి పని ఆశించడం మర్యాద కాదని ఆయన అభిప్రాయం.

వెళ్లేముందు పెయ్‌రోంగ్ వైపు తిరిగి, తిన్నావా అని అడిగేవారు. ఆమె తిన్నానని చెబితే అక్కడితో ఊరుకునేవారు కారు. "డబ్బా చూపించు" అనేవారు. ఆమె చెత్తబుట్టలోని అట్టడబ్బాను వేలితో చూపించేది. ఆయన వంగి చూసి, తల పంకించి, స్టూలు తీసుకుని మెట్లెక్కేవారు.

పెయ్‌రోంగ్‌కు ఇది పరమ చికాకుగా ఉండేది. తన పని మీద నమ్మకం లేకనే ఆయన రోజుకు రెండుసార్లు దిగుతున్నారని ఆమె నిశ్చయించుకున్నది. ఆయన రాకపోకలను మినహాయిస్తే ఆ గదిలోకి మానవమాత్రుడు వచ్చేవాడు కాదు. ఫోనుకు సిగ్నలు అందదు. తొమ్మిది గంటలసేపు పంకాల హోరు. పై అంతస్తుల వారికి ఆమె రెండువందల ఏడు అనే ఫోను నంబరుగానే తెలుసు. ఆమె క్యాంటీనుకు వెళితే, ఎవరి తాలూకు మనిషో అనుకుని జరిగి చోటు ఇచ్చేవారు. హాజరు వేసే యంత్రం ఉదయం ఆమె ముఖం చూసి ఆడగొంతుతో ధన్యవాదాలు చెప్పేది. సాయంత్రం స్కూటర్ల దుకాణం మీదనున్న అద్దె గదికి చేరి, విద్యుత్ కుండలో అన్నం పెట్టుకుంటే, ఉడికినట్లు టక్కుమని ఒక చప్పుడు వినిపించేది. కొన్ని రోజులలో ఆమె ఇతరుల నుండి విన్నది ఈ రెండే. జియెన్ గారి ప్రశ్న మూడవది. అందుచేత చికాకుపడటానికైనా ఆమెకు ఆయన ఒక్కరే దిక్కు.

జియెన్ గారి పదవీవిరమణకు నెల మిగిలి ఉండగా విభాగాధికారి చువాంగ్ గారు కొత్త సాఫ్ట్‌వేరు తెప్పించారు. నిల్వలన్నిటినీ ఒకే తెర మీద చూపించే సాఫ్ట్‌వేరు అది. పై అంతస్తులో గోడంత తెర మీద పచ్చని చుక్కలు వెలిగించి ఆయన అందరినీ పిలిచారు. ఇకపై ఎవరూ కిందికి దిగి కూర్చోనక్కరలేదనీ, డిస్కు దగ్గితే ఇక్కడ తెలుస్తుందనీ వివరించారు.

జియెన్ గారు తెర చుట్టూ తిరిగి వెనుక వైపు కూడా చూసి వచ్చారు.

"ఇది చూస్తుందా, దీనికి చెబుతారా?"

"దీనికి హోస్ట్ సర్వరు చెబుతుంది అన్నయ్యా," అన్నారు చువాంగ్ గారు ఓపికగా.

"హోస్ట్‌కి ఎవరు చెబుతారు?"

"డిస్కుల కంట్రోలర్ కార్డు చెబుతుంది."

"కార్డుకి?"

"డిస్కులు చెబుతాయి."

"చచ్చిపోయిన డిస్కు ఏ నోటితో చెబుతుంది?"

నవ్వినవారందరితో పాటు పెయ్‌రోంగ్ కూడా నవ్వింది. అయితే ఆ ప్రశ్నలో ఎంత సబబున్నదో అక్కడున్న వారిలో ఆమెకే తెలుసు. హోస్ట్ సర్వరు ఒక పెద్ద అద్దె ఇల్లు వంటిది. దానిలో ముప్పై ఉత్తుత్తి కంప్యూటర్లు కాపురముంటాయి; అందులో ఒకటి ఎక్స్‌రే చిత్రాలది, ఒకటి రక్తశుద్ధి విభాగానిది. ఇంటి యజమాని బయటి సాఫ్ట్‌వేరును గడప దాటనివ్వడు. గడప బయట నిలబడి అది అడిగే ప్రశ్నలకు కార్డు జవాబు చెబుతుంది. ఆ కార్డు ఎనిమిది డిస్కులను ఒక మూట కట్టి, ఇది ఒక్కటే డిస్కు, క్షేమంగా ఉన్నది అని చెబుతుంది. మూటలో ఒకటి పోయినా మూట నిలబడుతుంది కనుక తెర మీద చుక్క పచ్చగానే ఉంటుంది. మామూలు సర్వరైతే ఫలానా డిస్కు దీపాన్ని మినుకుమనిపించు అని ఆజ్ఞాపించడానికి ఒక మీట ఉంటుంది. హోస్ట్ మీద ఆ మీట బూడిదరంగులో కనబడుతుంది, నొక్కితే పడదు.

ఇంతా తెలిసి కూడా ఆమె మాట్లాడలేదు. మాట్లాడితే రోజుకు రెండుసార్ల డబ్బా తనిఖీ కొనసాగుతుంది.

మరునాడు సర్క్యులర్ వచ్చింది. వచ్చే నెల ఒకటవ తేదీ నుండి యంత్రాల గదిలో మానవ పర్యవేక్షణ రద్దు. జియెన్ గారు గది తలుపు కార్డును వాపసు చేయవలెను. సదరు పర్యవేక్షణ అనవసరమని గది బాధ్యురాలు శుక్రవారం లోపు సంతకం చేసి పంపవలెను. పెయ్‌రోంగ్ ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టుకుని, సోమవారం సంతకం చేద్దామనుకున్నది. మంగళవారం కూడా అనుకున్నది. కలం మూత తీసిన ప్రతిసారీ ఆమెకు పంకాల హోరు ఒక పిసరు పెరిగినట్లు అనిపించేది.

బుధవారం మధ్యాహ్నం పన్నెండు ముప్పావుకు, ఎక్స్‌రే విభాగం వారు చిత్రాలు రావడం ఆలస్యమవుతున్నదని ఫోను చేశారు. పెయ్‌రోంగ్ తెర చూసింది. పచ్చగా ఉన్నది. కార్డు లోపలి చిట్టాను బయటికి లాగి సర్వరు కంపెనీ ఇంజనీరుకు పంపింది. అతను చదివి, నాలుగో గూటిలో డిస్కు పోయిందనీ, మరొకటి కూడా తప్పులు చేస్తున్నదనీ, రెండవది పోకముందే మొదటిదాన్ని మార్చమనీ, ఇది ఎప్పుడో పోయి ఉంటుందనీ చెప్పాడు.

అదనపు డిస్కు చేత పట్టుకుని ఆమె సర్వరు ఎదుట నిలబడింది. నాలుగు అంకె ఎక్కడా లేదు. ఆసుపత్రిలో నాలుగో అంతస్తు, నాలుగో వార్డు, నాలుగో మంచం ఉండవు. అక్కడి భాషలో చావు అనే మాటలా వినిపించే ఆ అంకెను రోగుల ఎదుట పెట్టడం ఎవరికీ ఇష్టముండదు. ఆ నియమాన్ని కొనుగోళ్ల శాఖ వారు డిస్కులకు కూడా వర్తింపజేసి, గూళ్ల మీద ఒకటి, రెండు, మూడు, అయిదు, ఆరు అంటూ తొమ్మిది దాకా అంకెలు అంటించి ఉన్నారు. మూడు తరువాత వచ్చేది నాలుగే కదా, పైకి అయిదని రాసి ఉన్నంత మాత్రాన అది నాలుగు కాకుండా పోతుందా అని ఆమె తర్కించుకున్నది. అయిదు అంకె ఉన్న డిస్కు గొళ్లెం మీద చేయి వేసింది.

గొళ్లెం సగం లేచిన తరువాత ఆమె చేయి ఆగిపోయింది. పోయిన డిస్కుకు బదులు బతికినదాన్ని లాగితే మూట మొత్తం విడిపోతుంది. ఆరేళ్ల ఎక్స్‌రేలు, రక్తశుద్ధి రోగుల లెక్కలు తిరిగి రావు. ఆమె గొళ్లెం దించి, పై అంతస్తుకు ఫోను చేసింది.

"బాబాయ్, ఒక డిస్కు పోయిందని చెప్పారు," అన్నది. "నేను చూడలేదు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడయింది. తరువాత, "చెయ్యి తీసెయ్. వస్తున్నా," అన్న మాట వినిపించింది.

జియెన్ గారు రెండు స్టూళ్లతో దిగారు. ఆయాసపడుతూనే ఒకటి ఆమెకు వేసి, ఒకటి తాము వేసుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నారు. యంత్రం సున్నా నుండి లెక్కపెడుతుందనీ, కొనుగోళ్ల శాఖ నాలుగును ఎగరగొట్టిందనీ, ఇంజనీరు ఏ లెక్కన చెప్పాడో దేవుడికే తెలుసుననీ, అందుచేత అంకెలను నమ్మే పని లేదనీ ఆయన చెప్పారు.

"పని చేసేవాడు రెప్ప కొడతాడమ్మాయ్. ఎడమ నాలుగు నేను చూస్తా, కుడి నాలుగు నువ్వు చూడు. రెప్ప కొట్టనిది ఎవరో చెప్పు."

భోజనాల వేళ కావడంతో పైన పని తగ్గి, దీపాలు ఎప్పుడో ఒకసారి మినుకుమంటున్నాయి. ఒక దీపం మినుకుమన్న తరువాత మరొకటి, కొంత ఆగి ఇంకొకటి. మధ్యలో చువాంగ్ గారు ఫోను చేసి, తెర మీద అంతా పచ్చగా ఉంటే కింద ఏమి చేస్తున్నారని అడిగారు. జియెన్ గారు పరామర్శిస్తున్నామని జవాబిచ్చి పెట్టేశారు.

పదకొండు నిమిషాలు గడిచిన తరువాత పెయ్‌రోంగ్ నెమ్మదిగా అన్నది: "ఆరు రెప్ప కొట్టలేదు బాబాయ్. ఒక్కసారి కూడా."

ఆరు అంకె కింద దీపం అన్నిటికన్నా నిలకడగా, అన్నిటికన్నా పచ్చగా వెలుగుతున్నది. సున్నా నుండి లెక్కిస్తే అదే నాలుగు. జియెన్ గారు కళ్లద్దాలు తుడుచుకుని మరొక అయిదు నిమిషాలు చూసి, ఆ తరువాతనే లాగమన్నారు. ఆమె లాగి, కొత్తదాన్ని తోసింది. ఆ కొత్త దీపం ఒక క్షణం ఆలోచించి, గబగబా రెప్పలు కొట్టడం మొదలుపెట్టింది. దానితోపాటు ఎనిమిదీ మినుకుమన్నాయి.

మూట తిరిగి పూర్తిగా కట్టుకోవడానికి ఆరు గంటలు పడుతుంది. ఇద్దరూ స్టూళ్ల మీదనే ఉండిపోయారు. పెయ్‌రోంగ్ తన తప్పును ఒప్పుకుంటున్న దానివలె, రోజుకు రెండుసార్లు ఇలా కూర్చుంటే గాని తెలియదని ఇప్పటికి అర్థమైందని అన్నది.

"అబ్బే, డిస్కులకి వారానికోసారి చాలు," అన్నారు జియెన్ గారు.

"మరి రెండుసార్లు ఎందుకు దిగుతున్నారు? దీన్నెందుకు పట్టుకోలేదు మరి?"

ఆయన ఇబ్బందిగా కదిలారు. ఈమధ్య దీపాల మీద తమ దృష్టి అంతగా నిలవడం లేదని ఒప్పుకున్నారు. తరువాత, కార్యాలయపు ఉత్తరం చదువుతున్న స్వరంతో, సర్వరు వైపే చూస్తూ చెప్పారు.

"ఈ కుర్చీలో పంతొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఒకసారి ఆ మూల జారిపడి కాలు బెణికింది. లేవలేక నాలుగ్గంటలు నేల మీదే ఉన్నాను. పైన మాత్రం నా హాజరు ఆ రోజు కూడా పూర్తిగానే పడింది." ఆయన చిన్నగా నవ్వారు. "ఆ చుక్క కూడా పచ్చగానే ఉందమ్మాయ్. మనిషిని చూడ్డానికి దిగుతున్నానంటే నువ్వు మొహమాటపడతావు. డిస్కులకి మొహమాటం లేదు కదా."

పెయ్‌రోంగ్ చెత్తబుట్ట వైపు చూసింది. కొంతసేపటికి, తాను ఈరోజు తినలేదనీ, బుట్టలో ఉన్నది నిన్నటి డబ్బా అనీ చెప్పింది. ఆ మాటకొస్తే సోమవారం చూపించినది కూడా అంతకు ముందు శుక్రవారానిదే. జియెన్ గారు తీవ్రంగా నొచ్చుకున్నారు. ముప్పై నాలుగేళ్లలో తమ కళ్లను మోసగించినది ఆమె ఒక్కతే అని ప్రకటించి, క్యాంటీనుకు ఫోను చేసి రెండు భోజనాలు కిందికి పంపమన్నారు.

శుక్రవారం నాడు పెయ్‌రోంగ్ సంతకం చేయలేదు. బదులుగా ఒక నివేదిక పంపింది. "పై విషయమై మనవి చేయునది ఏమనగా, సదరు సాఫ్ట్‌వేరు హోస్ట్ సర్వరులో తనకు చెప్పిన దానిని చూపించును గాని తాను చూడదు" అని మొదలుపెట్టి, బూడిదరంగు మీట మొదలు డిస్కుల మూట దాకా రెండు పుటలు రాసింది. చువాంగ్ గారు అది చదివి, వారానికొకసారి మానవ పర్యవేక్షణకు అనుమతించారు. గూళ్ల మీద అంకెలు తీసివేయించారు. అయితే ఆ పర్యవేక్షణ ఉద్యోగులే చేయవలెననీ, విరమణ పొందినవారికి తలుపు కార్డు ఇవ్వడం కుదరదనీ చెప్పారు. నియమం నియమమే అన్నయ్యా, ఏమనుకోకండి అన్నారు. జియెన్ గారు ఏమీ అనుకోలేదు. నెలాఖరున కార్డు ఇచ్చివేసి, రసీదు తీసుకుని, దాని మీది సంతకం సరిగా పడిందో లేదో చూసుకుని వెళ్లిపోయారు.

తరువాతి రెండు వారాలలో తొమ్మిది పదికీ, నాలుగు నలభైకీ తలుపు తెరుచుకోలేదు. పెయ్‌రోంగ్ క్రమం తప్పక భోజనం చేసి, ఖాళీ డబ్బా ఎవరికీ చూపించలేక పారవేసేది. ఎంతో ఆలోచించి, మూడవ సోమవారం నాడు ఆమె ముందు హాలులోని స్వచ్ఛంద సేవకుల బల్ల దగ్గరకు వెళ్లింది.

నారింజరంగు చొక్కాలు తొడుక్కుని, చక్రాల కుర్చీలు తోస్తూ, దారి చూపిస్తూ తిరిగే ముసలి సేవకులు ఆసుపత్రిలో నలభైమంది దాకా ఉన్నారు. వారికి చూడటానికి ఎవరూ రాని రోగుల దగ్గర కూర్చుని మాట్లాడే పని కూడా ఒకటున్నది. పెయ్‌రోంగ్ దరఖాస్తు తీసుకుని జియెన్ గారి పేరు, చిరునామా రాసింది. పని అన్న చోట "ఎవరూ రాని వారిని పరామర్శించుట" అని రాసింది. స్థలం అన్న చోట నేలమాళిగ రెండవ అంతస్తు అని రాసింది.

సేవకుల పెద్ద, పూర్వం నర్సుగా పనిచేసిన ఫాంగ్ అమ్మగారు, అది చదివి కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకున్నారు.

"అక్కడ శవాగారం ఉంది కదే పిల్లా. వాళ్లని పలకరిస్తాడా ఏంటి?"

"కాదు పిన్నీ. అవతలి పక్క గది."

"అక్కడెవరున్నారు?"

పెయ్‌రోంగ్ చెప్పడానికి సిగ్గుపడి, "నేను," అన్నది.

ఫాంగ్ అమ్మగారు కళ్లద్దాలు పైకి తోసుకుని ముద్ర వేశారు.

గురువారం నాడు జియెన్ గారు నారింజరంగు చొక్కాలో దిగారు. అది రెండు సైజులు పెద్దదై మోకాళ్ల దాకా వేలాడుతున్నది. తలుపు తట్టి, పెయ్‌రోంగ్ తెరిచే దాకా నిలబడి, లోపలికి వచ్చాక జేబులో నుండి సేవకుల పత్రం తీశారు. పరామర్శించినవారి సంఖ్య అన్న గడిలో ఒత్తి ఒత్తి, ఒకటి అని వేసి, ఆమె సంతకం కోసం అందించారు.

పెయ్‌రోంగ్ గదిలోని సర్వర్లను, వాటి నిండా మినుకుమంటున్న దీపాలను చూపించి, వీళ్లందరినీ ఎందుకు లెక్కలో వేయలేదని అడిగింది.

జియెన్ గారు ఆమె వైపు నిజంగా విస్తుపోయి చూశారు.

"ఇది మనుషుల్ని పరామర్శించే కాగితం అమ్మాయ్," అన్నారు. "అవి యంత్రాలు."

అని, ఎర్ర స్టూలును సర్వర్ల ఎదుట కాక, ఆమె బల్ల పక్కకు లాక్కుని కూర్చున్నారు.